ఆట ముగిశాక అసలు పని

సానియా మీర్జా అనగానే మీకేం గుర్తొస్తుంది? చాలామందికి ముక్కుపుడక, పెళ్ళి ఫోటోలు, పెద్దవాళ్ళ ఫంక్షన్లు గుర్తొస్తాయి. మా జూబ్లీహిల్స్‌లోనైతే మరీనూ! ఫిలింనగర్ పక్కనే ఉంటాం కాబట్టి ఎవరి పేరెత్తినా మాట సినిమావాళ్ళ దగ్గరికే పోతుంది. కూరగాయల బండి దగ్గర కూడా ఎవరి షూటింగ్ ఎక్కడ, ఎవరి గృహప్రవేశం ఎప్పుడు అన్న కబుర్లే. అలాంటి చోట ఒక ఆటగత్తె గురించి మాట్లాడుకోవాలన్నా ముందు ఆమె చీరల గురించే మాట్లాడుకుంటాం!

నేను ఈ రోజు ఆ కబుర్లు చెప్పబోవడం లేదు. 36 ఏళ్ళ వయసులో ఒక మనిషి తన వృత్తి నుంచి రిటైరైంది. మన ఇళ్ళల్లో మగవాళ్ళు 58కో 60కో రిటైరయ్యి, ‘ఇక పొద్దెలా పోతుందే?’ అని బెంగపెట్టుకుంటారు కదా! మరి 36కే ఆ రోజు వస్తే? ఆరేళ్ళప్పటి నుంచి ఒక్క పనే చేసిన చేతులు మర్నాడు పొద్దున లేచి ఏం చేస్తాయి? ఆ సంగతి గురించి, ఆటలాడే ఆడపిల్లలున్న మనబోటి అమ్మల గురించి నాలుగు మాటలు రాస్తాను. ఓపిగ్గా చదవండి.

సానియా పుట్టింది 1986 నవంబర్ 15న, ముంబయిలో. పెరిగిందంతా మన హైదరాబాదే. నాసర్ స్కూల్లో, తర్వాత సెయింట్ మేరీస్ కాలేజీలో చదువుకుంది. ఆరేళ్ళకి రాకెట్ పట్టుకుంది. మొదట తీసుకువెళ్తే, ‘మరీ చిన్నపిల్లండీ, ఇప్పుడే వద్దు’ అన్నారట అక్కడి కోచ్. బతిమాలితే చేర్చుకున్నారు. నెల తిరిగేసరికి ఆయనే తల్లిదండ్రులకి ఫోన్ చేసి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లని తాను చూడలేదన్నారట. ఈ ముచ్చట సానియాయే చాలాచోట్ల చెప్పింది.

అప్పటి కోర్టులు ఎలా ఉండేవో తెలుసా? పేడతో అలికినవి! పండగనాడు మన పల్లెల్లో వాకిలి అలుకుతామే, అలాగన్నమాట. ఆ నేల మీద ఆడిన పిల్ల తర్వాత వింబుల్డన్ పచ్చిక మీద కప్పు ఎత్తింది.

ఇంకో సంగతి. ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడే బంధువుల్లోని ఆడవాళ్ళు, ‘ఎండలో ఆడితే నల్లబడిపోతావు, నిన్నెవరు చేసుకుంటారు?’ అన్నారట. ఈ మాట మన ఇళ్ళకి కొత్తా చెప్పండి! మతం ఏదైనా, ఊరు ఏదైనా ఆ ఒక్క మాట మాత్రం అందరిళ్ళలోనూ ఒకటే. తండ్రి ఇమ్రాన్, తల్లి నసీమా ఆ మాటలు చెవిన పెట్టలేదు. పిల్లని వెంటబెట్టుకుని టోర్నమెంట్లకి తిరిగారు. తండ్రే ఆటలోని మెలకువలు దగ్గరుండి చూసుకునేవాడు.

అప్పటికి మన దేశంలో ఆడపిల్ల టెన్నిస్‌తో బతకొచ్చని చూపించిన దారి లేదు. ఓపెన్ యుగంలో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో భారతీయ మహిళ ఒక మ్యాచ్ గెలవడమే 1998లో మొదటిసారి జరిగింది. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నిరుపమా వైద్యనాథన్ గెలిచింది. అంటే సానియా రాకెట్ పట్టిన నాటికి ఆ ఒక్క గెలుపు కూడా లేదన్నమాట. ఏ వంట పుస్తకమూ లేకుండా, రుచి చూసిన వాళ్ళెవరూ లేకుండా కొత్త వంటకం పొయ్యి మీద పెట్టడంలాంటిదే అది!

తర్వాత కథ మీకు కొంత తెలిసిందే. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే ఏడు మన హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు తెచ్చింది. 2005 ఫిబ్రవరిలో సొంతూళ్ళోనే హైదరాబాద్ ఓపెన్ సింగిల్స్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది. అప్పటికి ఆమె వయసు 18! అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్ళి షరపోవా చేతిలో ఓడింది. 2007 ఆగస్టుకి ప్రపంచ సింగిల్స్‌లో 27వ ర్యాంకు.

ఇంతవరకూ ఎక్కడమే. దిగడం కూడా చెప్పుకోవాలి కదా!

2008లో ఆమె కుడి మణికట్టు దెబ్బతింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ మ్యాచ్ మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో తన జుట్టు తాను దువ్వుకోలేకపోయానని ఆమె తర్వాత చెప్పింది. ఆలోచించండి. గంటకి నూట యాభై కిలోమీటర్ల వేగంతో బంతి కొట్టే చెయ్యి, దువ్వెన పట్టలేకపోయింది! ఇక ఆడగలనో లేదో అన్న దిగులుతో కొన్ని నెలలు కుంగిపోయిందట.

కోలుకుని 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. కానీ సింగిల్స్‌లో పాత జోరు రాలేదు. మోకాళ్ళకీ మణికట్టుకీ శస్త్రచికిత్సలు అయిన ఒళ్ళు అది. అప్పుడు ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. సింగిల్స్ మానేసి, 2013 నుంచి పూర్తిగా డబుల్స్ మీదే మనసు పెట్టింది.

టెన్నిస్ చూడని వాళ్ళ కోసం ఒక్కమాట. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36 అడుగులు. పొడవు రెండింటికీ 78 అడుగులే. సింగిల్స్‌లో అంత నేలా ఒక్కత్తే పరుగెత్తాలి. డబుల్స్‌లో ఒకరు వెనక, ఒకరు నెట్ దగ్గర. పరుగు తగ్గుతుంది. కానీ పక్కనున్న మనిషి ఏం చెయ్యబోతోందో ముందే పసిగట్టాలి, ఆమె తప్పుకి మొహం ముడుచుకోకూడదు. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు నడిపిన వాళ్ళకి ఇది వేరే చెప్పాలా!

డబుల్స్ అంటే ‘సింగిల్స్ చేతకాక వెళ్ళారు’ అనే వాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ మాటకి నొచ్చుకుని కూర్చుంటే తర్వాత జరిగింది జరిగేది కాదు. 2015లో స్విట్జర్లాండ్‌కి చెందిన మార్టినా హింగిస్‌తో జోడీ కట్టింది. ఆ ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఒక భారతీయ మహిళకి ఆ స్థానం దక్కడం అదే మొదలు. జూలైలో వింబుల్డన్, సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమన్నది లేకుండా ఆడారు ఆ ఇద్దరూ. మొత్తం లెక్క చూస్తే ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 43 డబుల్స్ టైటిళ్ళు, 91 వారాలు నంబర్ వన్. ‘చేతకాక’ వెళ్ళిన మనిషి లెక్క ఇది!

అదే సమయంలో, 2016లో, ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆమెని ఒక ప్రశ్న అడిగారు. ఎప్పుడు స్థిరపడతారు, అమ్మ ఎప్పుడవుతారు అని. అప్పటికి ఆమెకి పెళ్ళయి ఆరేళ్ళు, ప్రపంచ నంబర్ వన్ కూడా! తాను స్థిరపడినట్టు మీకు కనబడడం లేదా అన్న అర్థం వచ్చేలా ఆమె అడిగేసరికి, ప్రశ్న వేసిన ఆయన అక్కడే క్షమాపణ చెప్పాడు. ఎంత పెద్ద స్థానంలో ఉన్నా ఆడదాని మీద ఆ ప్రశ్న వచ్చి పడుతుంది. ఆమె కోపగించుకోలేదు, తలా దించుకోలేదు. ఆ జవాబు నాకు ఆమె ఫోర్‌హ్యాండ్ కన్నా నచ్చింది.

2018 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనే బాబు పుట్టాడు. పేరు ఇజ్‌హాన్. ఇక్కడ మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. టెన్నిస్‌లో ర్యాంకు అన్నది గడిచిన 52 వారాల పాయింట్ల మీద ఆధారపడి ఉంటుంది. ఏడాది ఆడకపోతే ర్యాంకు కరిగిపోతుంది. బిడ్డని కన్నందుకు ర్యాంకు పోవడమేమిటని గొడవ మొదలైంది. సెరెనా విలియమ్స్ ప్రసవం తర్వాత తిరిగొచ్చినప్పుడు ఈ చర్చ పెద్దదయింది. 2018 డిసెంబర్‌లో డబ్ల్యూటీఏ నియమాలు మార్చింది. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళ దాకా పాత ర్యాంకుతో టోర్నమెంట్లలోకి వచ్చే వీలు కల్పించింది. మన ఆఫీసుల్లో మెటర్నిటీ లీవు ఉన్నట్టే ఇదీనూ. లీవు నుంచి తిరిగొచ్చాక కుర్చీ ఉంటుందా లేదా అన్న భయం ఎంతటిదో ఉద్యోగాలు చేసిన అక్కచెల్లెళ్ళకి తెలుసు.

సానియా కాన్పు తర్వాత 26 కిలోలు తగ్గింది. 2020 జనవరిలో హోబర్ట్‌లో ఆడిన మొదటి టోర్నమెంటే గెలిచింది. అయితే మీరు ఆ 26 కిలోల మాట పట్టుకుని పస్తులుండకండి! ఆమెకి ట్రైనర్లున్నారు, అది ఆమె వృత్తి. బాలింతలు డాక్టర్ని అడగకుండా ఏ కసరత్తూ మొదలుపెట్టకూడదు. నేను చెప్పేది బరువు గురించి కాదు, తిరిగి రావాలన్న కోరిక గురించి. ఆ ఏడాదే ఫెడ్ కప్‌లో ఒక చేత్తో రాకెట్, ఇంకో చేత్తో బాబుని ఎత్తుకున్న ఆమె ఫోటో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఫెడ్ కప్ హార్ట్ అవార్డు కింద వచ్చిన డబ్బుని కరోనా రోజుల్లో తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చేసింది.

2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్. జోడీ రోహన్ బోపన్న. 14 ఏళ్ళ వయసులో ఆమె మొదటి మిక్స్‌డ్ జోడీ కూడా ఆయనే! ఓడిపోయారు. కొడుకు ముందు గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడతాననుకోలేదంటూ మైకు దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్, మార్చి 5న మన ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్. అంతే, ముప్ఫై ఏళ్ళ ఆట ముగిసింది. 2024 జనవరిలో విడాకుల సంగతి కుటుంబం ప్రకటించింది. తమ మానాన తమని వదిలెయ్యమని కోరారు. మనమూ అంతటితో ఆపేద్దాం.

ఇప్పుడు నేను మొదట్లో వేసిన ప్రశ్నకి వద్దాం. రాకెట్ దించాక ఏం చేసింది?

నిజానికి ఆ పని దించకముందే మొదలైంది. 2013లోనే మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో తన పేరుతో టెన్నిస్ అకాడమీ పెట్టింది. అప్పటికి ఇంకా పదేళ్ళ ఆట ఉంది ఆమెకి! ఊరగాయ అయిపోయాక మామిడికాయల కోసం వెతికితే దొరుకుతాయా? కాపు ఉన్నప్పుడే పెట్టుకోవాలి. ఆ ముందుచూపు నాకు గొప్పగా అనిపించింది. రిటైరయిన ఏడే మహిళల క్రికెట్ లీగ్‌లో బెంగళూరు జట్టు ఆమెని మెంటర్‌గా పెట్టుకుంది. క్రికెట్ ఆడని మనిషి క్రికెటర్లకి ఏం నేర్పుతుందని నవ్విన వాళ్ళున్నారు. బ్యాటు పట్టుకోవడం నేర్పడానికి కోచ్‌లు వేరే ఉన్నారు. వేలమంది చూస్తుండగా ఓడిపోయి, మర్నాడు మళ్ళీ మైదానంలోకి ఎలా రావాలో చెప్పడానికి ఆమెకన్నా తెలిసిన వాళ్ళెవరు?

మన ఊళ్ళో ఇలాంటి మరో మనిషి పుల్లెల గోపీచంద్. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచి, తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు. దాని కోసం ఇల్లు కూడా తాకట్టు పెట్టాడు. అక్కడి నుంచి సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం తెచ్చారు. టెన్నిస్‌లో కూడా ఇప్పుడు హైదరాబాద్ అమ్మాయిలు సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి భారత జట్టుకి ఆడారు. ఒకరు నడిచిన దారిలో ఇంకొకరు నడుస్తారు. దారి లేనప్పుడు నడిచిన వాళ్ళకే కష్టం.

ఇక మన సంగతి. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. నాలుగేళ్ళుగా టెన్నిస్ నేర్చుకుంటోంది. ఈ ఏడు మా ఇంట్లో పంచాయతీ వచ్చింది. “పెద్దమనిషి కాబోయే పిల్ల, ఇంకా ఆ పొట్టి గౌన్లేమిటమ్మా? ఎండకి మాడిపోతోంది” అంటారు మా అత్తయ్యగారు. ఆయనేమో, “సానియా అవుతుందా ఏమిటి? ఫీజులు, బూట్లు, రాకెట్ తీగలు... ఆ డబ్బు ట్యూషన్‌కి పెడితే పోదూ!” అన్నారు. ఇద్దరి మాటలోనూ ప్రేమే ఉంది. అందుకే జవాబు చెప్పడం కష్టం.

నాతోపాటు కోర్టు బయట బెంచీ మీద కూర్చునే తల్లులని గమనించాను. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మాయిలూ అబ్బాయిలూ సమానంగానే ఉంటారు. పదమూడు వచ్చేసరికి అమ్మాయిలు ఒక్కొక్కరే మానేస్తారు. కారణం ఆట రాకపోవడం కాదు. బట్టలు మార్చుకునే గది సరిగ్గా లేకపోవడం, నెలసరి గురించి మగ కోచ్‌కి చెప్పలేకపోవడం, తిరిగొచ్చేసరికి చీకటి పడడం. వీటిలో ఒక్కటైనా పిల్ల తప్పా?

నేను ఆయనతో అన్నాను: “సానియా అవ్వదండీ. వెయ్యిమందిలో ఒక్కరు కూడా కారు. మనం పిల్లకి సంగీతం నేర్పిస్తే సుబ్బలక్ష్మి కావాలనా నేర్పిస్తాం? ఓడిపోయి చెయ్యి కలిపి రావడం ఇక్కడ నేర్చుకుంటోంది. అది ఏ ట్యూషన్‌లో చెప్తారు?” ఆయన మాట్లాడలేదు. అత్తయ్యగారితో మాత్రం సానియాని బంధువులన్న మాట చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, “అయితే టోపీ అయినా పెట్టుకోమను” అన్నారు. అంతవరకూ వచ్చింది! పదో తరగతి దాకా వారానికి నాలుగు రోజులు ఆడించాలని తేల్చుకున్నాం. ఆపైన దాని ఇష్టం.

మీ పిల్లలని కూడా చేర్పించాలనుకుంటే నాకు తెలిసినవి కొన్ని చెప్తాను. పదేళ్ళలోపు పిల్లలకి మామూలు పసుపు బంతితో నేర్పించనక్కర్లేదు. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో మెత్తటి బంతులుంటాయి, నెమ్మదిగా లేస్తాయి. ఎరుపు అన్నిటికన్నా నెమ్మది. పదేళ్ళలోపు పోటీలు ఆ బంతులతోనే జరపాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచే నియమం పెట్టింది. కాబట్టి అవి వాడుతున్నారో లేదో కోచ్‌ని అడగండి. రాకెట్ కూడా పిల్ల పొడుగుని బట్టి కొనాలి. ‘పెరిగాక కూడా పనికొస్తుంది’ అని లంగాకి మడత వేసి కుట్టించినట్టు పెద్దది కొంటే భుజం, మోచెయ్యి నొప్పి చేస్తాయి.

ఎండ ముదరకముందే ఆట ముగిసేలా పొద్దున్నే వేళ పెట్టుకోండి. ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్ళు సీసా నిండా ఇవ్వండి. ఆటకి గంటన్నర ముందు రాగిజావో అరటిపండో ఇడ్లీయో చాలు. తిరిగొచ్చాక పప్పు, గుడ్డు, పెరుగు ఏదో ఒకటి ఉండాలి. నెలసరి మొదలైన పిల్లలకి రక్తం తగ్గకుండా ఆకుకూరలు, బెల్లం వేసిన నువ్వులుండలు పెట్టండి. నీరసం కనబడితే రక్తపరీక్ష చేయించండి. ఎదిగే వయసులో మోకాలు నొప్పంటే ‘సాకులు’ అని కసరకండి, డాక్టరుకి చూపించండి. అకాడమీలో ఆడ కోచ్ ఉందా, బాత్‌రూమ్ శుభ్రంగా ఉందా అని మొహమాటపడకుండా అడగండి. నాలుగురు తల్లులు కలిసి అడిగితే చేస్తారు. మేం అడిగాం, తలుపుకి గడియ పెట్టించారు.

ముఖ్యమైనది ఇంకొకటి. పిల్ల ఓడిపోయి వచ్చినప్పుడు కారులోనో ఆటోలోనో ఆట గురించి ఎత్తకండి. ‘ఆకలేస్తోందా?’ అని అడగండి చాలు. తప్పులు చెప్పడానికి కోచ్ ఉన్నాడు. అన్నం పెట్టడానికి అమ్మ ఒక్కతే ఉంది.

సానియాకి పద్మభూషణ్ 2016లో వచ్చింది. అంతకన్నా పెద్ద బహుమతి, ఇప్పుడు మన ఆడపిల్ల రాకెట్ పట్టుకుని వీధిలో నడిస్తే ఎవరూ వింతగా చూడకపోవడం. పక్కింటి పిల్ల ఎండలో ఆడి వస్తుంటే ‘నల్లబడ్డావే’ అనకుండా, ‘గెలిచావా తల్లీ, మంచినీళ్ళు తాగుతావా?’ అని అడుగుదాం. ఆ మాటకి ఖర్చేమీ లేదు కదా!